వీపు మీద జాతకం

పాత కీబోర్డు అమ్మకానికి కనబడితే ముందే మీటలు నొక్కేయకండి. తిరగేసి వీపు చూడండి. ఐబీఎం మోడల్ ఎం అయితే అక్కడ ఓ చీటీ అంటించి ఉంటుంది. పార్ట్ నంబరు, తయారైన తేదీ అన్నీ అందులోనే. మా ఇంట్లో ఉన్నదాని మీద 1990 నాటి తేదీ రోజుతో సహా ఉంది. పుట్టినరోజు అంత కచ్చితంగా నా పదో తరగతి సర్టిఫికెట్‌లో కూడా లేదు.

ఆ చీటీ చదవడం వస్తే బేరం సగం తెగినట్టే. ఏ ఏడు పుట్టిందన్నదాన్ని బట్టే దీని బరువు, వైరు, లోపలి సరుకు మారుతూ వచ్చాయి.

దీని పుట్టిల్లు అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్. పందెపు గుర్రాలకు పేరుబడ్డ ఊరు. 1950లలో ఐబీఎం అక్కడ ఎలక్ట్రిక్ టైపు మిషన్ల ఫ్యాక్టరీ పెట్టింది. 1961లో వచ్చిన సెలెక్ట్రిక్ మిషను ఆ సంస్థ పేరు ఆఫీసాఫీసునా మోగించింది. అక్షరాల పుల్లలు లేచి ఒకదానికొకటి చిక్కుకునే బాధ లేదు, అచ్చులన్నీ గోల్ఫ్ బంతి లాంటి ఒకే గుండు మీద ఉండేవి. దానిమీద చేయి తిరిగినవాళ్ళను కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టేసరికి కొత్త తంటా వచ్చింది. తెర మీద అక్షరం చప్పుడు లేకుండా పడుతుంది. పడిందో లేదో వేలికి తెలియదు. టైపిస్టేమో కాగితం వంక చూస్తూ కొడతాడు కానీ తెర వంక చూడడు.

కనుక ఆ 'టక్'ను పనిగట్టుకుని పుట్టించాల్సి వచ్చింది. 1970లలో చేసిన బీమ్ స్ప్రింగ్ కీబోర్డులు అందుకే పుట్టాయి. నొక్కుడు అద్భుతం, కానీ బరువు, ఖరీదు. ఆ తర్వాత రిచర్డ్ హంటర్ హ్యారిస్ అనే ఐబీఎం ఇంజనీరు తేలికైన ఉపాయం కనిపెట్టాడు. 1978లో దానికి పేటెంటు వచ్చింది.

ఆ ఉపాయం చీపురు పుల్లతో చూడొచ్చు. పుల్లను రెండు కొసలా పట్టుకుని మెల్లగా లోపలికి నొక్కండి. కాసేపు ఓర్చుకుంటుంది. ఉన్నట్టుండి నడుము విరిగినట్టు పక్కకు వంగుతుంది. మీట కింద సన్నని స్ప్రింగు చేసేదీ అంతే. సగం దాకా బిగిసి, చటుక్కున పక్కకు ఒరిగి గోడకు కొట్టుకుంటుంది. ఆ విసురుకే అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్క వాలి కంప్యూటర్‌కు కబురందిస్తుంది. చప్పుడూ అక్షరమూ ఒకే క్షణంలో పుడతాయన్నమాట. ఈ కాలపు చాలా స్విచ్‌లలో చప్పుడు చేసే ముక్క వేరు, కరెంటు కలిపే ముక్క వేరు. తేడా చెవికంటే ముందు వేలికే తెలుస్తుంది.

1981లో ఐబీఎం పీసీతో పాటు వచ్చిన మోడల్ ఎఫ్‌లో ఈ స్ప్రింగే ఉంది. ఇనుప పలకల మధ్య ఎలక్ట్రానిక్ బోర్డు, 83 మీటలు. గట్టితనానికి వంక లేదు గానీ ఎంటర్ మీట బుల్లిది, ఎడమ షిఫ్టు ఉండాల్సిన చోట ఇంకో మీట దూరింది. జనం తిట్టుకున్నారు. 1985లో మోడల్ ఎం వచ్చింది. 101 మీటలు, ఎడమ పక్కనుండే ఎఫ్ మీటలు పైవరసకెక్కాయి. తిరగేసిన 'టి' ఆకారంలో బాణాల మీటలు కుదిరాయి. ఈ బాణాల అమరిక డెక్ సంస్థ 1982లోనే తన కీబోర్డులో పెట్టింది. మీ ముందున్న కీబోర్డు ఏ కంపెనీదైనా ఈ నక్షా దాటి పెద్దగా పోయి ఉండదు.

పైన ఇంత సోకు చేసి లోపల మాత్రం పొదుపు చేశారు. ఎలక్ట్రానిక్ బోర్డు తీసేసి పల్చటి ప్లాస్టిక్ పొరలు పరిచారు. వాటిని ఇనుప పలకకు పట్టి ఉంచడానికి ప్లాస్టిక్ మొలకల తలలు కరిగించి రివెట్లలా అతికారు. నాలుగు దశాబ్దాలకు ఆ తలలు పెళుసెక్కి ఊడుతున్నాయి. కీబోర్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. గింజలు ఎండిన చింతకాయలా గలగలమంటే లోపల రాలినవి అవే. నేను మొదటిసారి ఊపకుండా కొన్నాను. అమ్మినాయన 'కండిషన్ బాగుందండీ' అన్నాడు, నేను నమ్మాను. తర్వాత ఆ రంధ్రాలకు బుల్లి బోల్టులు బిగించుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది.

1991లో ఐబీఎం ఈ వ్యాపారాన్ని వేరుచేసింది. అదే లెక్స్‌మార్క్. 1996లో వాళ్ళూ చేతులెత్తేస్తే యూనికాంప్ అనే చిన్న సంస్థ అచ్చులూ యంత్రాలూ తీసుకుని అదే ఊళ్ళో తయారీ సాగిస్తోంది.

చేతిలో డబ్బు తక్కువున్నవారికి నేను చెప్పేది ఒకటే: మోడల్ ఎఫ్ జోలికి పోవద్దు. ధర ఒక ఎత్తు, ఆ పాత పీసీ భాషను నేటి కంప్యూటర్‌కు వినిపించే కన్వర్టరు ఇంకో ఎత్తు. 1987 తర్వాతి మోడల్ ఎం, గుండ్రటి చిన్న పీఎస్/2 ప్లగ్గుతో, ఊడదీసే వైరుతో ఉన్నది చూసుకోండి. లెక్స్‌మార్క్ చివరి రోజులవి తేలిక, వైరు ఊడదు. అయినా చవగ్గా వస్తే వదలక్కర్లేదు. ఒకటి మాత్రం మరవకండి. ప్లగ్గు ఆకారం మాత్రమే మార్చే అగ్గువ అడాప్టరు వీటికి పనిచేయదు, సంకేతాన్ని యూఎస్‌బీలోకి మార్చే కన్వర్టరు కావాలి. అదే పేరుతో రబ్బరు గుబ్బలు పెట్టినవీ ఉన్నాయి కాబట్టి ఒక తొడుగు పీకి స్ప్రింగు ఉందో లేదో కళ్ళారా చూడాలి. అక్షరాలు అరిగాయేమోనన్న బెంగ అక్కర్లేదు, ఆ రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకి ఉంటుంది.

బరువు రెండు కిలోల పైచిలుకు. పోస్టులో తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిపి అసలును మించిపోగలవు. అమెరికా నుంచి వచ్చే బావమరిది 23 కిలోల పెట్టెలో పదో వంతు చోటిస్తాడేమో అడగండి. తిరుగు ప్రయాణంలో ఆ చోటు ఆవకాయ నింపుకుంటుంది కాబట్టి ఆయనకూ నష్టం లేదు.

బావమరిది లేనివాళ్ళకు మన దగ్గరే ఒక దారి ఉంది. మన ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి టకటకలాడిన టీవీఎస్ గోల్డ్. పాతవాటిలో జర్మనీ చెర్రీ సంస్థ నీలి స్విచ్‌లు ఉండేవి. తొడుగు పీకితే స్విచ్ మీద ఆ పేరు కనబడాలి. స్ప్రింగు ఒరిగే సుఖం వీటిలో లేదు, గొంతు కాస్త కీచు. కానీ ప్లగ్గు గొడవ తక్కువ, ధర అందుబాటు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పాత సామాను కొట్లలో అడిగి చూడొచ్చు.

కొట్లో కంప్యూటర్‌కు తగిలించమనండి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి రోజు కొట్టించిన పాఠమే కొట్టండి: ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె. తర్వాత పైవరస, కిందివరస, అంకెలు. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ఒక్క మీట పలక్కపోయినా బేరం మళ్ళీ మొదటికి రావాల్సిందే.