తండ్రికి చూపించని కవిత: డిలన్ థామస్ విలనెల్‌ను గురించి

మరణాన్ని ప్రతిఘటించే కవితలు అనేక భాషల్లో ఉన్నాయి. ఆంగ్లంలో వాటి ప్రస్తావన రాగానే చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది, వేల్స్ కవి డిలన్ థామస్ (1914–1953) తన తండ్రిని ఉద్దేశించి రాసిన 19 పాదాల కవిత. ఇది 1951లో రోమ్ నుంచి వెలువడే ‘బొత్తేగె ఒస్కూరె’ పత్రికలో తొలిసారి అచ్చయింది. తరగతిలో దీన్ని చెప్పేటప్పుడు ‘చివరి క్షణం వరకు పోరాడాలి’ అనే సందేశాన్ని ఎత్తిచూపి, ఉపమ, రూపక, విరోధాభాసల పట్టిక ఒకటి ఇచ్చి ముగించటం పరిపాటి. ఆ పట్టిక తప్పు కాదు. అయితే ఈ కవిత బలం అలంకారాల్లో కంటే క్రియాపదాల్లో ఎక్కువగా ఉందని మా అభిప్రాయం. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాషతో పెరిగిన విద్యార్థులు ఈ సంగతిని తొందరగా పట్టుకోగలరు.

ముందు చరిత్ర చూద్దాం. థామస్ 1914 అక్టోబర్ 27న స్వాన్సీలో పుట్టాడు. తండ్రి డేవిడ్ జాన్ థామస్ అక్కడి గ్రామర్ స్కూలులో ఆంగ్లోపాధ్యాయుడు. తల్లిదండ్రులిద్దరికీ వెల్ష్ భాష వచ్చు. తాతల తరంలోని బంధువు గ్విలిమ్ మార్లెస్ వెల్ష్‌లో కవిత్వం చెప్పినవాడు. డిలన్ మార్లైస్ థామస్ అన్న పూర్తి పేరులోని ‘మార్లైస్’ ఆయన జ్ఞాపకమే. అయినా పిల్లలను ఆంగ్లంలోనే పెంచారు, స్పష్టమైన ఉచ్చారణ కోసం ప్రత్యేకంగా పాఠాలు చెప్పించారు. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. 1901 జనగణన నాటికి వేల్స్ జనాభాలో ఇంచుమించు సగం మందికి వెల్ష్ వచ్చు. 1951 నాటికి వారి సంఖ్య 29 శాతానికి తగ్గింది. కాబట్టి తండ్రి మరణశయ్య ముందు కొడుకు వాడిన భాష, ఆ తండ్రే ఏరి కొడుకుకు ఇచ్చిన భాష.

రచనాకాలంలో తండ్రికి జబ్బు ముదిరింది, చూపు తగ్గింది. తాను మరణానికి చేరువలో ఉన్న సంగతి ఆయనకు తెలియదనీ, అందువల్ల ఈ కవితను చూపించలేని ఒకే ఒక మనిషి ఆయనేననీ థామస్ 1951లో పత్రిక సంపాదకురాలికి ఉత్తరం రాశాడు. తండ్రి 1952 డిసెంబర్ 16న కన్నుమూశాడు. ఏడాదైనా తిరగకముందే, 1953 నవంబర్ 9న, కవి న్యూయార్క్‌లో 39వ ఏట మరణించాడు.

ఈ ఆవేదనకు కవి ఎన్నుకున్న రూపం విలనెల్. దీని మూలం ఇటలీ పల్లెపాట. 16వ శతాబ్దపు ఫ్రెంచి కవి జాఁ పస్సెరా రాసిన ఒక కవితను ఆధారం చేసుకుని 19వ శతాబ్దపు కవులు దీనికి నియమాలు స్థిరపరచారు. ఐదు మూడు పాదాల చరణాలు, చివర ఒక నాలుగు పాదాల చరణం. మొదటి, మూడవ పాదాలు పల్లవులుగా మారి, ఒక్కొక్కటి మొత్తం నాలుగుసార్లు వస్తాయి. అంటే 19 పాదాల్లో 8 పునరుక్తులే. మొత్తానికి రెండే అంత్యప్రాసలు. థామస్ కవితలో ఒక ప్రాస ‘నైట్’, అంటే రాత్రి. రెండవది ‘డే’, అంటే పగలు. ‘లైట్’ అన్న మాట రాత్రితోనే ప్రాస కలుపుతుంది కనుక వెలుగు, చీకటి ఒకే ధ్వనిలో ముడిపడ్డాయి.

ఇప్పుడు పల్లవుల వ్యాకరణం పరిశీలిద్దాం. మొదటి పల్లవి, మెత్తబడి ఆ రాత్రిలోకి వెళ్ళిపోవద్దని చెబుతుంది. రెండవది వెలుగు అంతరించటం మీద ఆగ్రహించమంటుంది. మొదటి చరణంలో రెండూ ఆజ్ఞలే. తరువాతి నాలుగు చరణాల్లో జ్ఞానులు, సజ్జనులు, ఉద్ధతులు, గంభీరులు వరుసగా వస్తారు. ఆ చరణాల్లో పల్లవి ఆజ్ఞ కాదు, వారి నడతను చెప్పే వాక్యం: వారు అలా వెళ్ళరు, వారు ఆగ్రహిస్తారు. చివరి చరణంలో ‘తండ్రీ’ అన్న సంబోధన మొదటిసారి వినబడి, రెండు పల్లవులూ మళ్ళీ ఆజ్ఞలవుతాయి. లెక్క చూస్తే ప్రతి పల్లవీ రెండుసార్లు ఆజ్ఞ, రెండుసార్లు నిరూపణ. ఆంగ్ల క్రియకు రెండింటిలోనూ ఒకే రూపం ఉండటంవల్ల ఒక్క అక్షరం మారకుండా అర్థం మారింది. ఇంతమంది ఇలా చేశారు కనుక నీవూ చెయ్యి అని కొడుకు సాక్ష్యాలు చూపి ప్రాధేయపడుతున్నాడు. శాపమైనా సరే, దీవెనైనా సరే ఇమ్మనటంలో అది ప్రార్థనగానే తేలిపోయింది. ‘గ్రేవ్’ అన్న మాటకు గంభీరమనీ సమాధి అనీ రెండర్థాలు. ఆ గంభీరుల చరణంలోనే చూపు పోయిన కళ్ళు కూడా జ్వలించగలవన్న భావం ఉంది. తండ్రి స్థితి తెలిసినవారికి ఆ శ్లేష వినోదం కాదు.

మన సాహిత్యంలో పునరుక్తి కొత్తది కాదు. శతకంలో మకుటం ప్రతి పద్యం చివరా మారకుండా వస్తుంది. కాని అది చాలావరకు సంబోధన; పద్యంలోని వాక్యానికి వెలుపల నిలుస్తుంది. విలనెల్ పల్లవికి దగ్గరగా ఉండేది కీర్తన. తమిళదేశంలో తిరువైయారులో ఉండి తెలుగులో పాడిన త్యాగరాజు (1767–1847) కృతుల్లో చరణం చివరి వాక్యం పల్లవిని అందుకుని పూర్తికావటం పలుచోట్ల గమనించవచ్చు. అక్కడా మాట అదే, చరణం మారినకొద్దీ భావం మారుతుంది.

అయితే ఈ కవితను తెలుగు చేయబోతే చిక్కు ఎదురవుతుంది. ఆజ్ఞకు ‘పోవద్దు’ అనాలి, నిరూపణకు ‘పోరు’ అనాలి. పల్లవి రెండుగా చీలిపోతుంది. విలనెల్ నియమం దక్కించుకుంటే వాక్యం చెడుతుంది. వాక్యం దక్కించుకుంటే నియమం చెడుతుంది. పోగా మనకు లాభమూ ఉంది. ‘పోవు’ అంటే వెళ్ళటమూ, చనిపోవటమూ. అందుకే గడప దాటేటప్పుడు ‘పోతాను’ అనక ‘వెళ్ళొస్తాను’ అంటాం. తమిళులు ‘పోయిట్టు వరేన్’ అన్నా, కన్నడిగులు ‘హోగి బర్తీని’ అన్నా ఉద్దేశం అదే. ఇక ‘పోరు’ అంటే వెళ్ళరు అనీ, యుద్ధమనీ. జ్ఞానుల చరణంలో ఈ శ్లేష మూలంలో లేని బలాన్ని ఇస్తుంది.

అన్నిటికంటే కష్టమైనది చివరి చరణం. ఆంగ్లంలో ‘యూ’ ఒక్కటే. తెలుగులో ‘నువ్వు పోవద్దు’ అనాలా, ‘మీరు పోవద్దు’ అనాలా? నిఘంటువు దీనికి జవాబు చెప్పదు. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఎవరి ఇంటి తెలుగు వారిది. తండ్రిని మన్నించే పద్ధతి, ఆయన మీద కోప్పడే చనువు ఆ ఇంటి మాటలోనే ఉంటాయి. తండ్రి ఇంట్లో ఆ భాష మాట్లాడకపోతే, ఈ ప్రశ్నకు కొడుకు దగ్గర జవాబు ఉండదు. థామస్‌కు వెల్ష్‌లో ఆ అవకాశం లేకపోయింది. ఆంగ్లంలో ఆయన ఇంత గొప్పగా రాశాడన్నది నిజం. వెల్ష్‌లో ఆ తండ్రితో ఒక్క మాట చెప్పుకునే దారి లేదన్నదీ నిజం.

విద్యార్థులకు మా సూచన ఒకటే. ఈ కవిత చివరి చరణాన్ని పుస్తకాల తెలుగులో కాక మీ ఇంటి తెలుగులో రాసి చూడండి. మీ నాన్నను ఏమని పిలుస్తారో ఆ మాటతో మొదలుపెట్టండి.