మరిచిపొమ్మనని వైద్యుడు

ఎడిన్‌బరో శివార్లలో క్రెయిగ్‌లాక్‌హార్ట్ అని ఒక పెద్ద భవనం ఉంది. ఒకప్పుడు డబ్బున్నవాళ్లు నీటి చికిత్సల కోసం దిగే చోటు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916లో బ్రిటిష్ సైన్యం దాన్ని మనసు చెదిరిన అధికారుల ఆసుపత్రిగా మార్చింది. పగటిపూట చూస్తే అక్కడ రోగులున్నట్టే తోచేది కాదు. గోల్ఫ్ ఆడేవాళ్లు, ఊళ్లోకి షికారు వెళ్లేవాళ్లు. చీకటి పడ్డాక అసలు సంగతి బయటపడేది. కన్ను మూతపడితే చాలు, మళ్లీ యుద్ధభూమి కందకాల్లోనే తేలేవాళ్లు. ఒక్కో గదిలోంచి ఒక్కో కేక.

ఈ జబ్బుకు పేరు అప్పటికే వచ్చింది. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే మానసిక శాస్త్రవేత్త ముగ్గురు సైనికుల గురించి లాన్సెట్ పత్రికలో రాస్తూ 'షెల్ షాక్' అన్నాడు. ఫిరంగి గుండు పక్కన పేలినప్పుడు నరాలు, మెదడు అదిరిపోవడం వల్లే ఇలా అవుతోందని మొదట్లో చాలామంది నమ్మారు. పేలుడు దరిదాపులకు వెళ్లనివాళ్లకూ చేతులు వణకడం, మాట పడిపోవడం చూశాక ఆ లెక్క కుదరలేదు. పై అధికారుల్లో కొందరు దీన్ని వట్టి పిరికితనం అన్నారు. పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద 306 మంది బ్రిటిష్, కామన్వెల్త్ సైనికులను సొంత సైన్యమే కాల్చి చంపింది. వాళ్లకు క్షమాభిక్ష 2006లో గానీ దక్కలేదు. వైద్యంలోనూ ఇలాంటి కాఠిన్యం ఉండేది: లండన్‌లో లూయిస్ యెలండ్ అనే వైద్యుడు మాట పోయిన సిపాయిల గొంతుకు కరెంటు పెట్టి మాట్లాడించేవాడు.

క్రెయిగ్‌లాక్‌హార్ట్‌కు వచ్చిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ దారి వేరు. అప్పటికి ఆయనకు 52 ఏళ్లు. తండ్రి నత్తికి చికిత్స చేసేవాడు. కొడుకు నత్తి మాత్రం పూర్తిగా పోలేదు. కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పే ఈ మనిషి 1901-02లో మన నీలగిరులకు వచ్చి, అక్కడి తోడ గిరిజనుల మధ్య మసలి, 1906లో వాళ్ల గురించి పెద్ద పుస్తకం అచ్చువేశాడు. తోడలు చనిపోయినవారికి రెండు కర్మలు చేసేవారు: వెంటనే 'పచ్చిది', తర్వాత ఎప్పుడో 'ఎండుది'. ఆ కర్మల్లో ఇద్దరిద్దరు నుదుటికి నుదురు ఆనించుకుని ఏడవడం రివర్స్ కళ్లారా చూసి రాశాడు. స్కాట్లండులో ఆయన ముందు కూర్చున్న అధికారులు మాత్రం భయాన్ని దిగమింగడమే మగతనమని బళ్లో నేర్చుకుని వచ్చినవాళ్లు.

వాళ్లకు ఇంటివాళ్లూ వైద్యులూ చెప్పింది ఒకటే మాట: 'దాన్ని తలచుకోకు, మంచి సంగతులు ఆలోచించు.' వాళ్లూ అలాగే పగలంతా తోసిపుచ్చేవాళ్లు. అది రాత్రి రెట్టింపై తిరిగొచ్చేది. రివర్స్ ఆ మాట మార్చాడు. జరిగినదాన్ని దాచుకోవద్దు, అలాగని రోజంతా దానిలోనే మునగొద్దు, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. ఆ జ్ఞాపకంలోనే ఓర్చుకోగల కోణం ఒకటి ఉందేమో రోగితో కలిసి వెతికేవాడు.

ఒక యువ అధికారి స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్తే, పేలుడుకు ముక్కలైన అతని దేహం కనిపించింది. ఇంటివాళ్లకు పంపేందుకు అతని వస్తువులు ఏరి తెచ్చాడు. అప్పటినుంచి ఆ స్నేహితుడే కలలో తెగిన అవయవాలతో మీదికి వచ్చేవాడు. రివర్స్ ఒక్క విషయం చూపించాడు: దేహం అలా అయిందంటే ప్రాణం ఆ క్షణంలోనే పోయి ఉంటుంది, అతను బాధపడుతూ పడి ఉండలేదు. ఆ అధికారి ముఖం తేటపడింది. కొన్ని రాత్రుల తర్వాత మళ్లీ అదే కల. ఈసారి అతను మోకాళ్లూని స్నేహితుడి వస్తువులు ఏరుకున్నాడు. మెలకువ వచ్చేసరికి భయం లేదు, దుఃఖం ఉంది.

ఇంకొకరి విషయంలో రివర్స్‌కు అలాంటి కోణమేదీ దొరకలేదు. పేలుడు విసురుకు అతని ముఖం కుళ్లిన శవం మీద పడింది. ఆ రుచి, ఆ వాసన వదలలేదు. రివర్స్ బలవంతపు ఊరట చెప్పలేదు. సైన్యం వదిలి, ఇంతకుముందు కాస్త నెమ్మది దొరికిన పల్లెకు పొమ్మన్నాడు. 1917 డిసెంబరులో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ సభలో తన విజయాలతో పాటు ఈ ఓటమినీ వినిపించాడు.

ఆయన్ని తొలిచిన ప్రశ్న ఇంకొకటి ఉంది. కోలుకున్నవాడు తిరిగి యుద్ధానికే పోవాలి కదా? యుద్ధాన్ని కొనసాగించడం తప్పని ప్రకటించిన కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్‌ను 1917 జూలైలో ఇక్కడికే పంపారు. వారాల తరబడి మాటలు నడిచాయి. నవంబరులో ససూన్ తిరిగి యుద్ధ విధులకు వెళ్లడానికి ఒప్పుకున్నాడు. వైద్యుడికి మాత్రం మనసు కుదుటపడలేదు. తన కలను తానే పరీక్షించుకుని, కర్తవ్యానికీ యుద్ధం మీది సందేహానికీ మధ్య సంఘర్షణ తనలోనూ ఉందని రాసుకున్నాడు. ఆ ఏడే అదే ఆసుపత్రిలో వేరే వైద్యుడి దగ్గర కోలుకున్న మరో కవి, విల్‌ఫ్రెడ్ ఓవెన్, 1918 నవంబరు 4న, యుద్ధం ముగియడానికి వారం ముందు, ఫ్రాన్సులో చనిపోయాడు.

రివర్స్ 1922 జూన్‌లో హఠాత్తుగా కన్నుమూశాడు. 1936లో ససూన్ ఆ రోజుల కథ పుస్తకంగా రాస్తూ తన పేరుతో సహా ఎందరి పేర్లో మార్చాడు. రివర్స్‌ను మాత్రం రివర్స్ గానే ఉంచాడు.