చేసిపెట్టేవారు, నేర్పేవారు: తెలుగు పల్లెల్లో ఇంటర్నెట్ తొలి పాఠాలు

ఈ పాఠంలో మనం ఒక చిన్న ప్రశ్నకు జవాబు వెతుకుతాం. కంప్యూటర్ ఎన్నడూ ముట్టనివారికి ఇంటర్నెట్ వాడటం ఎవరు నేర్పారు?

తెలుగునాట ఇంటర్నెట్ చరిత్ర అనగానే రెండు తేదీలు వినిపిస్తాయి. వీఎస్ఎన్ఎల్ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి తెచ్చిన 1995 ఆగస్టు 15 ఒకటి, హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 నవంబరు రెండవది. అవి తీగల చరిత్ర, భవనాల చరిత్ర. మనుషుల చేతివేళ్ల చరిత్ర వేరు. దాన్ని చూడాలంటే జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లాంటి చోటికి వెళ్లాలి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఈ మండలం కరీంనగర్ జిల్లాలో ఉండేది. మగవారు గల్ఫ్ దేశాలకు వెళ్లడం, ఆడవారు ఇంటిపట్టున బీడీలు చుట్టడం ఈ ప్రాంతంలో రెండు తరాలుగా నడుస్తున్న బతుకుతెరువు.

అక్కడికి వెళ్లేముందు కొంచెం దూరం తిరిగి రావాలి. కొత్తవారికి ఇంటర్నెట్ నేర్పడం అన్న సమస్యను పట్టించుకున్నవాటిలో చిన్న ద్వీప దేశాలున్నాయి.

ద్వీపాల అనుభవం

మారిషస్ తెలుగువారికి కొత్త దేశం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కినవారిని అక్కడ ‘కొరంగీ’లు అని పిలిచారు. ఆ దేశపు నేషనల్ కంప్యూటర్ బోర్డు 2000లో ‘సైబర్ కారవాన్’ అనే పథకాన్ని మొదలుపెట్టింది. బస్సులో కంప్యూటర్లు అమర్చి, ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టి, ఊరూరా తిప్పారు. మనుషులను కేంద్రానికి రప్పించకుండా కేంద్రాన్నే మనుషుల దగ్గరకు పంపారన్నమాట. బస్సులో కూర్చున్నవారి పని ఎవరో చేసిపెట్టరు. వారే మౌస్ పట్టుకోవాలి.

పసిఫిక్ మహాసముద్రంలో దూరం ఇంకా పెద్ద అడ్డంకి. ఫిజీలోని సువ నగరంలో 1968లో ఏర్పడిన యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్ 12 ద్వీప దేశాల ఉమ్మడి విశ్వవిద్యాలయం. సముద్రం మీద వేల కిలోమీటర్ల మేర చెదిరి ఉన్న విద్యార్థులకు అది 1970ల నుంచే ఉపగ్రహం ద్వారా పాఠాలు అందించే ప్రయత్నం చేసింది. 2000లో సొంత ఉపగ్రహ వ్యవస్థను ఏర్పాటు చేసుకుంది. దూరవిద్య చదువుతున్న మీకు ఈ సంగతి దగ్గరగా అనిపించాలి. 1982లో హైదరాబాదులో స్థాపించిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) కూడా కళాశాలకు రాలేనివారి దగ్గరకు చదువును తీసుకుపోవాలనే పుట్టింది.

ఈ ద్వీపాలు మనకంటే తెలివైనవని అనుకోవద్దు. మారిషస్ జనాభా మన ఒక జిల్లా జనాభా కంటే పెద్దదేమీ కాదు. చిన్న దేశానికి బస్సు చాలుతుంది. కోట్ల జనం ఉన్న రాష్ట్రానికి చాలదు. అందుకే మన పాలకులు వేరే దారి ఎంచుకున్నారు.

కౌంటరు అవతల, కౌంటరు ఇవతల

ఆ దారి పేరు ఈ-సేవ. 2001లో హైదరాబాదులో మొదలైన ఈ కేంద్రాల్లో కరెంటు బిల్లు, నీటి బిల్లు, పన్నులు ఒకేచోట కట్టే వీలు కలిగింది. క్యూలు తగ్గాయి. మరుసటి ఏడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఈ పద్ధతిని పల్లెలకు తీసుకెళ్లారు. అక్కడ కేంద్రాలు నడిపే బాధ్యతను మహిళా పొదుపు సంఘాల సభ్యులకు అప్పగించడం గమనించదగిన విషయం. అంతకుముందు కంప్యూటర్ తెలియని మహిళలు దాని మీద జీవనం సాగించే స్థాయికి ఎదిగారు. అంటే నేర్పితే వచ్చే విద్యే అది.

అయితే నేర్చుకున్నది కౌంటరు అవతల కూర్చున్నవారు. ఇవతల నిలబడినవారు డబ్బు ఇచ్చి రసీదు తీసుకున్నారు, అంతే. 2006లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన జాతీయ ఈ-పాలన ప్రణాళికలో పల్లెలకు లక్ష ఉమ్మడి సేవా కేంద్రాలు అన్నా, 2011 నవంబరులో ప్రారంభమైన మీ సేవ అన్నా ఇదే నమూనా. మీ సేవ తెచ్చిన మేలు తక్కువది కాదు. తహసీల్దారు సంతకం కోసం రోజుల తరబడి తిరిగిన కుటుంబానికి డిజిటల్ సంతకంతో కుల, ఆదాయ ధ్రువపత్రాలు చేతికందాయి. కాని ఆ ధ్రువపత్రం కోసం పదిసార్లు మీ సేవకు వెళ్లిన మనిషికి పదకొండోసారి కూడా తెర మీద ఏం జరుగుతోందో తెలియదు. తెర ఆపరేటరు వైపు తిరిగి ఉంటుంది!

ఇక్కడ ఆగి ఆలోచించండి. మీ డిగ్రీ ప్రవేశ దరఖాస్తును మీరే నింపారా, ఎవరితోనైనా నింపించారా? తెలంగాణలో 2016 నుంచి సాధారణ డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఇంటర్ పూర్తిచేసినవారు కూడా నెట్ సెంటరుకు వెళ్లి నింపించుకోవడం ఏ పట్టణంలోనైనా కనిపిస్తుంది. చేసిపెట్టే అలవాటు అంత లోతుగా పాతుకుంది.

దుబాయి నుంచి వచ్చిన గురువు

కరీంనగర్ ప్రాంతంలో ఒక మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. బతుకుతెరువుకు ఈ మూడే దిక్కని దాని అర్థం. ఇక్కడ దుబాయి అంటే ఒక్క నగరం కాదు, గల్ఫ్ మొత్తం. సౌదీ పోయినా, కువైట్ పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. ఆ దేశాల్లో ఒకటైన బహ్రెయిన్ కూడా చిన్న ద్వీప దేశమే.

ఈ వలసకు ఇంటర్నెట్ రెండు వైపుల నుంచి తగిలింది. మొదటిది ప్రభుత్వం వైపు నుంచి. పదో తరగతి పాస్ కానివారు ఉపాధి కోసం బహ్రెయిన్‌తో సహా 18 దేశాలకు వెళ్లాలంటే వలస అనుమతి కావాలి. ఆ అనుమతుల వ్యవస్థను ‘ఈ-మైగ్రేట్’ పేరుతో ఆన్‌లైన్ చేశారు. జీతం ఎంత, యజమాని ఎవరు అన్నవి నమోదు కావడం కార్మికునికి రక్షణే. కాని ఒక వింత చూడండి. చదువు తక్కువైనవారికే ఆన్‌లైన్ గడప అడ్డం వచ్చింది, చదివినవారికి అది లేదు. ఆ గడప దాటించడానికి మళ్లీ ఏజెంటే దిక్కయ్యాడు. తన ఒప్పందంలో ఏముందో తానే తెర మీద చదువుకోలేని మనిషి ఏజెంటు చెప్పిందే నమ్మి విమానం ఎక్కుతాడు.

రెండవది ఇంటి వైపు నుంచి. ఉత్తరాలు, ఎస్టీడీ బూతుల కాలం పోయి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధర పడిపోయింది. గల్ఫ్‌లోని కొన్ని దేశాల్లో వాట్సాప్ కాల్ పనిచేయకపోవడంతో ‘ఇమో’ లాంటి యాప్‌లు ఇంటింటికీ వచ్చాయి. బీడీలు చుట్టే ఇల్లాలు భర్త ముఖం చూడటానికి వీడియో కాల్ నేర్చుకుంది. సెలవుకు వచ్చిన భర్తో, బడికి పోయే కొడుకో, పక్కింటి పిల్లో చూపించారు. పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు, ధ్రువపత్రం లేదు. నా దృష్టిలో మన పల్లెల్లో ఇంటర్నెట్ విద్యకు అసలైన ప్రారంభం ఇదే. ఏ పథకమూ ఇంత గట్టిగా నేర్పలేదు, ఎందుకంటే ఏ పథకం వెనుకా ఇంత అవసరం లేదు.

అయితే ఈ చదువుకు పరిమితి ఉంది. ఆమెకు తెలిసింది ఒక్క బాట: పచ్చ గుర్తు నొక్కితే మనిషి కనిపిస్తాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని, బ్యాంకు నుంచి అంటూ వచ్చే ప్రతి ఫోనూ బ్యాంకుది కాదని ఆ బాటలో ఎవరూ చెప్పలేదు. గల్ఫ్ నుంచి పంపిన డబ్బు చేరేది మాత్రం ఆ ఫోను నంబరుతో ముడిపడిన ఖాతాకే.

ఇరవై గంటల తరగతి

ఈ లోటు తీర్చాలన్నట్టుగా 2017 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ‘ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్’ను ఆమోదించింది. 14 నుంచి 60 ఏళ్ల వయసువారికి 20 గంటల శిక్షణ, 6 కోట్ల గ్రామీణ కుటుంబాలు లక్ష్యం. 2024 మార్చిలో ముగిసేసరికి 6 కోట్లకు పైగా మందికి శిక్షణ ఇచ్చినట్టు ప్రభుత్వ లెక్క. పాఠ్యాంశాలు మంచివే: పరికరం తెరవడం, ఇంటర్నెట్‌లో వెతకడం, ప్రభుత్వ సేవలు, నగదు లేని చెల్లింపులు.

చరిత్ర విద్యార్థి చూడవలసింది నిబంధనను. ఇంటికి ఒక్కరికే శిక్షణ. ఇంట్లో ఒక్కరికి డిజిటల్ అక్షరాస్యత ఉన్నా ఆ కుటుంబం అర్హత కోల్పోతుంది. దీన్ని గొల్లపల్లి వలస కుటుంబానికి వర్తింపజేయండి. భర్తకు ఫోను వాడటం బాగా వచ్చు, కాని అతడు మనామాలో ఉన్నాడు. కాగితం మీద ఆ ఇల్లు డిజిటల్ అక్షరాస్యత గల ఇల్లు. గడపలో కూర్చున్న ఆమె లెక్కలోకి రాదు. కుటుంబాన్ని ఒకే మనిషిగా లెక్కించడం మన పథకాలకు పాత జబ్బు. రేషన్ కార్డు చరిత్ర చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు.

2019–20 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ సంగతిని అంకెల్లో చెప్పింది. ఎప్పుడైనా ఒక్కసారి ఇంటర్నెట్ వాడినవారు తెలంగాణ పురుషుల్లో 57.4 శాతం, స్త్రీలలో 26.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 48.8 శాతం, స్త్రీలు 21.0 శాతం. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను ప్రపంచమంతటికీ పంపే రెండు రాష్ట్రాల లెక్క ఇది.

ఆ సర్వే ముగిసిన కొన్నాళ్లకే కరోనా వచ్చింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా, ఫోన్ల ద్వారా బడి పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పిల్లల చేతికి వెళ్లింది. గురుశిష్యుల వరుస తారుమారైంది.

క్షేత్ర అభ్యాసం

ఈ చరిత్రకు దస్తావేజులు తక్కువ. పథకాల నివేదికలు ఎంతమంది నేర్చుకున్నారో చెబుతాయి, ఎలా నేర్చుకున్నారో చెప్పవు. కాబట్టి మీ ఊళ్లో 45 ఏళ్లు దాటిన ముగ్గురు స్త్రీలను కలిసి, వారు మొదట ఫోనులో ఇంటర్నెట్ ఎప్పుడు వాడారో, పక్కన ఎవరున్నారో అడిగి రాయండి. సంవత్సరం అడిగితే సరిగా చెప్పలేకపోవచ్చు. పెద్ద నోట్లు రద్దు కాకముందా, అయ్యాకా? జిల్లా మారకముందా, మారాకా? బిడ్డ పెళ్లికి ముందా, తర్వాతా? ఇలా అడిగితే కాలం దానంతటదే తేలుతుంది. పేర్లు రాయకండి. ఫోను ఎవరిది, ఎవరు కొనిచ్చారు అన్నది మాత్రం తప్పక రాయండి.