యాజమాన్యం, వర్తకం, పర్యవేక్షణ: భారత స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్కరణల్లో ఒక మౌలిక ప్రశ్న

భారత స్టాక్ మార్కెట్ సంస్కరణలను 1992 నాటి హర్షద్ మెహతా కుంభకోణానికి ప్రతిస్పందనగా వివరించడం మన పాఠ్యగ్రంథాల్లో పరిపాటి. కాలక్రమం ఇందుకు పూర్తిగా సహకరించదు. సెబీ 1988 ఏప్రిల్‌లోనే ఏర్పడింది. దానికి చట్టబద్ధత కల్పించిన ఆర్డినెన్సు 1992 జనవరిలో వెలువడింది. కుంభకోణం పత్రికకెక్కింది ఆ ఏడాది ఏప్రిల్ 23న. కుంభకోణం సంస్కరణను వేగవంతం చేసిందే గాని, దానికి పునాది వేయలేదు.

అప్పటి వరకు కొత్త వాటాలకు కంపెనీ ఎంత ప్రీమియం వసూలు చేయాలో 1947 నాటి మూలధన జారీ నియంత్రణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వాధికారి నిర్ణయించేవాడు. ఆ ధర తరచుగా బజారు ధరకన్నా తక్కువగా ఉండేది. వాటాలు దక్కినవారికి లాభం, మూలధనం అవసరమైన కంపెనీకి నష్టం. 1992 మే నెలలో ఈ చట్టం రద్దయింది. ధర కట్టే అధికారాన్ని ప్రభుత్వం వదులుకోగా, వాస్తవాలను వెల్లడించే బాధ్యత కంపెనీపై పడింది.

అసలు చిక్కు వాటాలు చేతులు మారే చోట ఉంది. 1875లో బ్రోకర్లు స్థాపించుకున్న బొంబాయి ఎక్స్ఛేంజిలో యజమానులు, వర్తకులు, నియమకర్తలు, తగవులు తీర్చేవారు ప్రధానంగా ఆ సభ్యులే. కేకలతో సాగే బేరాల్లో తన వాటా ఏ క్షణాన ఏ ధరకు అమ్ముడైందో సరిచూసుకునే మార్గం ఖాతాదారుకు దాదాపు లేదు. కంచె చేను మేసిందనడం ప్రతిసారీ న్యాయం కాకపోవచ్చు. కంచె, చేను ఒకరివే అన్నది మాత్రం నిజం. చెల్లింపును తదుపరి పరిష్కార కాలానికి వాయిదా వేసే బద్లా పద్ధతిని సెబీ 1993 డిసెంబరులో నిషేధించింది. అది మార్పులతో తిరిగివచ్చి, కేతన్ పరేఖ్ ఉదంతం తరువాత 2001 జూలైలో గాని తొలగలేదు. ఉత్తర్వు ఒక్కటే ఎంత దూరం పోగలదో ఈ ఉదాహరణ చూపుతుంది.

ఉత్తర్వు చేయలేనిది పోటీ చేసింది. ఐడీబీఐ తదితర ఆర్థిక సంస్థల యాజమాన్యంలో 1992లో నమోదైన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి 1994 నవంబరులో వాటాల వర్తకం ప్రారంభించింది. అక్కడ వర్తకం చేసే హక్కు వేరు, యాజమాన్యం వేరు. ధర, సమయ ప్రాధాన్యాలను బట్టి కంప్యూటరే బేరాలు కుదిర్చేది. ఉపగ్రహ అనుసంధానం వల్ల ముంబై వెలుపలి బ్రోకరుకూ అదే ధర కనిపించేది. బొంబాయి ఎక్స్ఛేంజి 1995 మార్చిలో తెరపై వర్తకానికి మారింది. అయినా అదే ఏడాది ముగిసేలోపే కొత్త సంస్థ వ్యాపార పరిమాణంలో దాన్ని దాటింది. నూట ఇరవై ఏళ్ల పాత సంస్థను కదిలించినది శిక్షాభయం కాదు, ఖాతాదారులు పోతారన్న భయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 1996 నాటి డిపాజిటరీల చట్టం కాగితపు వాటాపత్రాల దొంగతనం, నకిలీ సమస్యలకు తెర దించడంతో ఈ మార్పు స్థిరపడింది.

ఈ సూత్రాన్ని 2004 చట్ట సవరణ అన్ని ఎక్స్ఛేంజీలకూ వర్తింపజేసింది. కనీసం 51 శాతం వాటా వర్తక సభ్యులు కానివారి చేతిలో ఉండాలి. తెలుగు ప్రాంతానికి ఇది ఖరీదైన షరతు. 1943లో స్థాపితమైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి దాన్ని గడువులోగా నెరవేర్చలేక 2007లో గుర్తింపు కోల్పోయింది. అయితే అక్కడి వ్యాపారం అంతకుముందే జాతీయ తెరల మీదికి తరలిపోయింది. చట్టం చేసినది మరణ ధ్రువీకరణ మాత్రమే. స్థానిక కంపెనీలకు దగ్గరి మార్కెట్టు లేకపోవడం వల్ల కలిగిన నష్టం ఎంతో మన ఆర్థిక చరిత్రకారులు ఇంకా లెక్కగట్టవలసి ఉంది.

యాజమాన్యాన్ని వర్తకం నుండి విడదీసినంత మాత్రాన పర్యవేక్షణ సమస్య తీరలేదు. కొందరు బ్రోకర్లకు సర్వర్లలో ముందస్తు ప్రవేశం దక్కిందన్న వ్యవహారంలో సెబీ 2019 ఏప్రిల్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిపైనే ఉత్తర్వు జారీ చేసింది. ఈసారి యజమానులు బ్రోకర్లు కారు. లాభార్జన సంస్థకే తన ఖాతాదారులపై నిఘా పనిని అప్పగించిన ఏర్పాటు ప్రశ్నకు గురైంది.