దారిబత్తెము

లాంకషైరను పేరు వినినంతనే మనవారికి మిల్లుబట్టయు, దానివలన మూలబడిన మగ్గమును జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని ఆ సీమయందే, ఆ పొగగొట్టముల నీడలోనే, స్త్రీల ఫుట్‌బాలు తలయెత్తి, నాలుగైదేండ్లలో అణగారిన వృత్తాంతము మనకంతగా తెలియదు. ప్రెస్టన్ పట్టణమున ట్రాముబండ్లు నిర్మించుచుండిన డిక్, కెర్ కంపెనీ మొదటి ప్రపంచయుద్ధమున మందుగుండు తయారీకి మారగా, అందు పనికి కుదిరిన యువతులు విరామవేళలలో బంతి తన్నుట నేర్చిరి. 1917 క్రిస్మస్ నాడు, గాయపడిన సైనికుల ఆసుపత్రికి ధనము కూర్చుటకై డీప్‌డేల్ మైదానమున వారాడిన ఆటకు 10,000 మంది వచ్చిరి. జట్టు వ్యవహారములు చూచుచుండిన ఆల్‌ఫ్రెడ్ ఫ్రాంక్‌లాండ్ లోకజ్ఞుడు. ధర్మార్థముగా ఆడు ఆటకు సయితము మేటి క్రీడాకారిణులు లేనిదే జనము రారని అతడెరుగును.

అట్లు అతని కంటబడిన పిల్ల లిలీ పార్. 1905లో సెయింట్ హెలెన్స్‌లో గాజు కార్ఖానా కూలివాని యింట పుట్టి, అన్నదమ్ములతో సమానముగా వీథులలో ఫుట్‌బాలును రగ్బీని ఆడి పెరిగిన ఆమెకు, ఇంకను పదునైదేండ్ల ప్రాయముననే ఫ్యాక్టరీలో కొలువును, ఆట కొక్కింటికి ఖర్చుల క్రింద పది షిల్లింగులును దొరకెను. దానిని జీతమనుటకు వీలులేదు. జీతము కాదనుటకును మనసొప్పదు. దారిబత్తెమను మన పాతమాటయే దానికి సరిపోవును. అందులో వుడ్‌బైన్ సిగరెట్టు పెట్టెలను గూడ చేర్పుమని ఆమె పట్టుబట్టెనని ఒక ముచ్చట కలదు. నిజమెంతయో కాని, నమ్మబుద్ధి వేయును.

నల్లని జుట్టు, దాదాపు ఆరడుగుల విగ్రహము, ఎడమకాలి దెబ్బ—ఇవి ఆమె సొత్తు. ఆనాటి తోలుబంతి వానలో తడిసి బురద పీల్చుకొన్నచో ఇనుపగుండువలె బరువెక్కెడిది. అట్టి బంతిని మైదానపు ఎడమ అంచునుండి గోలు ముంగిటికి కొట్టగలవారు పురుషులలోనే అరుదు. 1920 డిసెంబరు 16 రాత్రి ఆ జట్టు ఆడిన ఆట చిత్రమైనది. యుద్ధమంత్రి చర్చిల్ అనుమతితో తెప్పించిన సర్చిలైట్లు డీప్‌డేల్‌పై వెలుగు చిమ్ముచుండగా, చీకటిలో కనబడుటకై బంతులకు వెల్లవేసిరి. వెల్ల రాలిపోయిన బంతిని ప్రక్కనుంచి, క్రొత్తగా పూసినదానిని లోనికి విసరుచుండిరి. దీపము త్రిప్పువాడు పొరపాటున కాంతిని సూటిగా ముఖములపైకి మరల్చగా ఆటగత్తెల కన్నులు బైర్లు క్రమ్మెను. పదిదినములకే, డిసెంబరు 26న, లివర్‌పూలులోని గుడిసన్ పార్కున 53,000 మంది క్రిక్కిరిసిరి. చోటు చాలక వెనుదిరిగినవారు మరికొన్ని వేలు. వసూలైన ధనము 3,000 పౌండ్లకు పైబడెను. నాటి ప్రత్యర్థి లిలీ విడిచివచ్చిన సెయింట్ హెలెన్స్ జట్టే.

అంత జనము గుమిగూడుట కొందరి కంట నలుసయ్యెను. 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్, ఈ ఆట స్త్రీలకు తగదనియు, వసూళ్లలో ధర్మమునకు చేరవలసినది ఖర్చులక్రింద మితిమీరి కరగుచున్నదనియు చెప్పి, తనకు లోబడిన క్లబ్బుల మైదానములను వారికీయరాదని శాసించెను. పురుషులకు జీతమిచ్చి ఆడించుటను ఆ సంస్థయే 1885లో అంగీకరించియుండెను. అయినను ఒక కూలిపిల్ల పుచ్చుకొన్న పది షిల్లింగులు దానికి పెద్ద లెక్కలయ్యెను. మొదటి కారణము అభిప్రాయమని సరిపెట్టుకొనవచ్చును గాని, రెండవదానిలోని అల్పత్వము నాకెన్నడును మింగుడుపడలేదు.

లిలీకి అప్పటికి పదునారేండ్లు. మరుసటి యేట జట్టు అట్లాంటిక్ దాటి, కెనడాలోను తలుపులు మూసియుండగా, అమెరికాలో పురుషుల జట్లతోనే తలపడి వచ్చెను. ఆ పిమ్మట ఆమె ప్రెస్టన్ చెంతనున్న విట్టింగ్‌హామ్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, దొరికిన మైదానములలో ఆడుచునే యుండెను. 1951లో ఆమె ఆట చాలించునాటికిని ఆ నిషేధము అట్లే యుండినది.