సూర్యుడి ఊళ్లో హిజ్రీ లెక్క

ఈసారి రెండు కొత్త సంవత్సరాలు నాలుగు రోజుల తేడాతో వచ్చాయి. 2025 జూన్ 27న మొహర్రం ఒకటో తారీఖు, హిజ్రీ 1447 మొదలైంది. జూలై 1న రెవెన్యూ వారి ఫసలీ 1435 మొదలైంది. మొదటిది మసీదులో నమాజుకు నిలబడ్డవాడికి తెలుసు. రెండోది అడంగల్ కోసం తిరిగే రైతుకు తెలుసు. ఈ రెండూ ఒక కడుపున పుట్టిన అన్నదమ్ములని మాత్రం ఇద్దరిలో చాలామందికి తెలియదు.

నాకు ఈ ఆలోచన అరసవల్లి దారిలో వచ్చింది. సిక్కోలు పట్నాన్ని ఆనుకునే ఉంటుంది ఆ ఊరు. అక్కడి సూర్యనారాయణ స్వామి గుడిని ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు నేరుగా వెళ్లి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ సూర్యుడి ఊరి దారిలో నడుస్తూ, చాంద్‌తో మొదలయ్యే నా సంవత్సరం గురించి ఆలోచించాను.

హిజ్రీ లెక్క హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో స్థిరపడింది. ప్రవక్త (స) మక్కా విడిచి మదీనా చేరిన 622 నుంచి ఏళ్లు లెక్కిస్తాం. నెలలను ముందుకూ వెనక్కూ జరపడాన్ని ఖురాన్ వారించింది కాబట్టి మనకు అధికమాసం లేదు. అందుకే మన ఏడాది సూర్యుడి ఏడాది కంటే దాదాపు 11 రోజులు తక్కువ. రంజాన్ ఎండల్లోనూ వస్తుంది, చలిలోనూ వస్తుంది. ఏ దేశం వాడికీ ఎల్లకాలం కష్టమైన రోజాలే రావు. ఇబాదత్‌కు ఇది రహమత్.

కానీ వరిచేనుకు చాంద్‌తో పని లేదు. హిజ్రీ ఏడాది చొప్పున శిస్తు వసూలు చేస్తే, 32 ఏళ్ల పంటలు తీసిన రైతు 33 ఏళ్ల శిస్తు కట్టాలి. పండని పంటకు పన్ను! దీన్ని జుల్మ్ అనక ఏమంటాం? అక్బర్ బాద్షా ఈ చిక్కును చూసి ఫసలీ సన్ తెచ్చాడు. ఫసల్ అంటే పంట. దక్కన్‌లో ఇది షాజహాన్ కాలంలో 1636లో మొదలైంది. అప్పుడు నడుస్తున్న హిజ్రీ 1046నే తీసుకుని, అక్కడి నుంచి సూర్యుడి వెంట నడిపించారు. అంకె హిజ్రీది, నడక సూర్యుడిది. నమ్మకపోతే 1636లోంచి 590 తీసేయండి, 1046 వస్తుంది. 2025లోంచి తీసేయండి, 1435 వస్తుంది. ఆనాడు పక్కపక్కన నిలబడ్డ రెండు లెక్కల మధ్య నేడు 12 ఏళ్ల దూరం. లెక్క ప్రకారం అవి రైతు నెత్తిన పడకుండా ఆగిన 12 శిస్తులు.

సిక్కోలు సర్కారు గోల్కొండ నుంచి మొగలాయీలకు, నిజాముకు, 1753లో ఫ్రెంచివాళ్లకు, ఆ తర్వాత కంపెనీకి చేతులు మారింది. మద్రాసు సర్కారు 1855లో ఫసలీ మొదలయ్యే రోజును జూలై 1కి జరిపింది కానీ, లెక్కను తీసేయలేదు. జమాబందీ, కిస్తీ, తహసీలు, ఆఖరికి రైతు అన్న మాట కూడా ఆ దఫ్తర్ల నుంచి వచ్చినవే.

ఇంత చెప్పి ఇంకో మాట దాటేస్తే అది తారీఖ్ అవ్వదు. సిక్కోలు జామియా మసీదు కట్టించిన ఫౌజ్దార్ షేర్ మహమ్మద్ ఖాన్ పేరెత్తితే, ఇక్కడివాళ్లు గుళ్లు పడగొట్టిన సంగతులూ చెబుతారు. అరసవల్లి గుడికీ ఆ దెబ్బ తగిలిందనీ, 1778లో ఎలమంచిలి పుల్లాజీ పంతులు దాన్ని తిరిగి నిలబెట్టారనీ అంటారు. పాలకుల కలంలో ఇన్సాఫ్ ఉంది, కత్తిలో జుల్మ్ ఉంది. ఒకటి చెప్పుకుని రెండోది దాచడం నాకు చేతకాదు.

మరి నా ఈమాన్ మాటేమిటి? హజ్రత్ ఇబ్రాహీం (అలై) నక్షత్రాన్నీ చంద్రుణ్నీ సూర్యుణ్నీ చూసి, అస్తమించేదాన్ని కాదని, వాటిని పుట్టించినవాడి వైపు తిరిగారు. నా సజ్దా కూడా అటే. సూర్యోదయం, నడినెత్తి పొద్దు, సూర్యాస్తమయం వేళల్లో నమాజు వద్దన్నారు మనకు. అయినా ఫజర్ నుంచి ఇషా దాకా అయిదు పూటల వేళలూ చెప్పేది ఆ సూర్యుడే. అరసవల్లి రథసప్తమి చూడండి. సూర్యుడి పండుగే, కానీ తేదీ చెప్పేది చంద్రుడు, మాఘ శుద్ధ సప్తమి. వాళ్ల నమ్మకం వాళ్లది, నాది నాది. లెక్క దగ్గర మాత్రం ఇద్దరం ఇద్దరి వెలుగూ వాడుకుంటున్నాం.

మొహర్రం మనకు ముబారక్‌ల పండుగ కాదు, ముహాసబా వేళ. నాలుగు వందల ఏళ్ల కిందటి ఫౌజ్దార్ చేసినదానికి నన్ను జవాబు అడిగేవాళ్లు ఎదురైనప్పుడు, పండని పంటకు శిస్తు అడిగినట్టే ఉంటుంది నాకు. కోపం వస్తుంది. కానీ ఈ ఏడాది హిసాబ్ చూసుకుంటే, ఎక్కడో ఎవరో చేసిన తప్పుకు నా ఇరుగుపొరుగును నేనూ మనసులో జవాబుదారీ చేసిన రోజులున్నాయి. ఆ 33వ శిస్తు నేనూ అడిగాను.

యా అల్లాహ్, 1447లో ఆ పద్దు కొట్టేసే తౌఫీఖ్ ఇవ్వు. ఆమీన్.