డోలమైట్: కాళ్ల కింది రాయి, గ్రామసభ మాట

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ గ్రానైటు నేల. చైతన్యపురిలో మూసీ ఒడ్డున, నరసింహస్వామి గుడి దగ్గరి బండమీద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. అందులో గోవిందరాజ విహారం ప్రస్తావన వస్తుంది. నగరంలో దొరికిన శాసనాల్లో ఇదే పాతదని చరిత్రకారులు చెబుతారు. ఇన్ని వందల ఏళ్లు ఎండకూ వానకూ ఆ అక్షరాలు నిలిచాయంటే ఇక్కడి రాతి గట్టిదనం తెలుస్తుంది.

అయితే ఈ కాలనీల్లోని పాత ఇళ్లలో మనం నడిచేది గ్రానైటు మీద కాదు. వసారాలో తాండూరు బండలు, లోపల మొజాయిక్ గచ్చు కనిపిస్తాయి. ఆ మొజాయిక్‌లో మెరిసే తెల్ల చిప్స్ పాలరాతివో డోలమైటువో అయి ఉంటాయి. తరువాత వచ్చిన అపార్ట్‌మెంట్లలో ‘రాజస్థాన్ మార్బుల్’ అని వేయించుకున్న వాటిలోనూ రాజ్‌నగర్ రకం నిజానికి డోలమైట్ జాతిదే. కొట్టువాడు ఆ పేరు చెప్పడు, కొనేవాడు అడగడు.

డోలమైట్ సున్నపురాయికి తోబుట్టువు లాంటిది. సున్నపురాతిలో ఉన్నది ముఖ్యంగా కాల్షియం. ఇందులో దానితో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. పలచని ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి బుసబుస పొంగుతుంది, డోలమైట్ మాత్రం నింపాదిగా స్పందిస్తుంది. 1791లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోలొమ్యూ పేరే దీనికి స్థిరపడింది. ఇంగ్లండులో యార్క్ నగరపు పెద్ద చర్చిని కట్టింది ఈ జాతి రాయితోనే. 1834 అగ్నిప్రమాదం తరువాత లండన్ పార్లమెంటు భవనానికీ యార్క్‌షైర్ నుంచి ఇదే తెప్పించారు. కానీ బొగ్గు పొగకు అక్కడ త్వరగానే పెచ్చులూడింది.

మన తెలంగాణలో డోలమైట్ అనగానే ఖమ్మం జిల్లా కారేపల్లి వైపు చూడాలి. పాఖాల శిలలుగా భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పే అతి ప్రాచీన రాళ్లలో ఇది దొరుకుతుంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాక అందరి కళ్లూ బొగ్గు మీదే పడ్డాయి. సింగరేణి అన్న చిన్న ఊరి పేరు దేశమంతా తెలిసింది. బొగ్గు కోసమే డోర్నకల్ నుంచి రైలుమార్గం వేశారు. పక్కనున్న తెల్లరాయి వంతు చాలా కాలానికి వచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారం తన కొలిమి అవసరాలకు మాదారంలో సొంత డోలమైట్ గని పెట్టుకుంది. ఒకే రాయి ఒకచోట ఉక్కు కొలిమిలోకి, ఇంకోచోట ఇంటి గచ్చులోకి పోతుంది.

పాత ఇల్లెందు తాలూకా గ్రామాలు ఎన్నో షెడ్యూల్డ్ ప్రాంతంలోనివి. కోయ గూడేలు, లంబాడా తండాలు ఉన్న నేల అది. కాబట్టి రాయి ఎవరిదన్న ప్రశ్న మనకు భూగర్భ శాస్త్రంతో తీరదు. విశాఖ మన్యంలో బొర్రా చుట్టుపక్కల తవ్వింది ప్రధానంగా కాల్సైట్, అంటే డోలమైటుకు దగ్గరి చుట్టమే. ఆ గనుల మీద వేసిన కేసులోనే 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని, ప్రభుత్వ భూమికి కూడా 1/70 నిషేధం వర్తిస్తుందని చెప్పింది. ప్రభుత్వ సంస్థకూ గిరిజన సహకార సంఘాలకూ మాత్రం దారి ఉంచింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదివే మన పిల్లలందరికీ ఈ తీర్పు పేరు తెలుసు. దాని తరువాత జరిగింది తెలిసినవారు తక్కువ.

2015 ఫిబ్రవరి 10న కేంద్రం 31 ఖనిజాలను ‘చిన్న ఖనిజాల’ జాబితాలో చేర్చింది. వాటిలో డోలమైట్ ఉంది, కాల్సైట్ కూడా ఉంది. అంతవరకు ఇల్లు కట్టే రాయి, ఇసుక, మొరం వంటివే ఆ కోవలో ఉండేవి. ఇది ఉత్త కాగితం మార్పు కాదు. 1996 నాటి పెసా చట్టం చిన్న ఖనిజాలకు ప్రత్యేకమైన రక్షణ ఇస్తుంది. భూసేకరణకైతే గ్రామసభను సంప్రదిస్తే చాలు. చిన్న ఖనిజాల లీజుకూ, వేలం ద్వారా ఇచ్చే రాయితీకీ ముందస్తు సిఫార్సు తప్పనిసరి. సంప్రదింపు వేరు, సిఫార్సు వేరు.

చిక్కంతా ఒక్క మాటలో ఉంది. చట్టం ‘గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ’ అంటుంది. ఆ ‘లేదా’తో, గూడెం మొత్తం కూర్చుని చెప్పాల్సిన మాటను మండల స్థాయిలో నలుగురు చెప్పినా చెల్లుబాటయ్యే సందు మిగిలింది.